ఇగం ముచ్చట: కార్తెల లెక్క నుంచి డిగ్రీల లెక్క దాకా



డిసెంబర్ వచ్చిందంటే పొద్దుగాల ఆరు కొట్టకముందే మన ఫోన్లు మోగుడు మొదలైతది. కోహిర్‌ల ఇంత, సిర్పూర్ (యు)ల ఇంత, అర్లి (టి)ల ఇంత అని మండలాల పట్టీ వస్తది. దాని కింద ముచ్చట నడుస్తది. మన జిల్లాల అన్నిటికంటే తక్కువ ఎక్కడ పడ్డది అని ఒకరు అడుగుతరు. నిన్నటి మీద రెండు డిగ్రీలు దిగింది, ఉత్తరపు గాలి ఇంకా మూడు రోజులు ఉంటది అని ఇంకొకరు చెప్తరు. బర్రెను పిండవోతే వేళ్లు కొంకర్లు పోయినయి అని మూడో ఆయన రాస్తడు. వాతావరణం లెక్కలంటే ఇష్టపడే పిలగాండ్లు ఇప్పుడు ప్రతి ఊర్లె ఇద్దరు ముగ్గురు ఉన్నరు. చాయ్ హోటల్ కాడ కూడా ఇదే ముచ్చట.

కొందరు పెద్దమనుషులు "చలికాలం అన్నంక చలి పెట్టదా, దానికి లెక్కలెందుకు?" అంటరు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. వాళ్ల కాలంల చలికి డిగ్రీలు లేవు, అయినా ఎవుసం నడిచింది. మరి మనకు ఎందుకు కావాలె? దీని జవాబు మన ఊర్ల చరిత్రలనే ఉన్నది. చలి అప్పటిదే. చలి పడేటప్పుడు పొలంల ఉండే పంట మారింది. ఈ పోస్టుల నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. జర ఓపికతోని చదవండి.

కార్తెలతోని చలిని లెక్కగట్టిన కాలం

మన పెద్దలకు ఏడాదికి 27 కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంల ఉండే 13, 14 రోజులను ఒక కార్తె అన్నరు. రోహిణి, మిరుగు, ఆరుద్ర, మఖ, పుబ్బ అంటే ఇప్పటికీ ఎవుసం చేసే ప్రతి ఇంట్ల తెలుసు. అవి ఎండల, వానల, విత్తనాల కార్తెలు. చలి కార్తెలు చెప్పమంటే మాత్రం చానమంది ఆగిపోతరు. ఒకసారి వరుస చూడండి. రోజు అటూ ఇటుగా నవంబర్ 6కు విశాఖ, 19కి అనూరాధ, డిసెంబర్ 2కు జ్యేష్ఠ, 15కు మూల, 28కి పూర్వాషాఢ, జనవరి 11కు ఉత్తరాషాఢ, 24కు శ్రవణం, ఫిబ్రవరి 6కు ధనిష్ఠ వస్తయి. మన దిక్కు ఇగం బాగా పెట్టేది మూల నుంచి ఉత్తరాషాఢ దాకా.

చలి మీద సామెతలు మనకు ఉన్నయి. మాఘమాసంల మాకులు కూడా వణుకుతయి అన్నరు. శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతది అన్నరు. ఒక సంగతి గమనించిండ్రా? వానల కార్తెల మీద ఉన్న సామెతలు దున్నుడు, విత్తుడు, పంట పండుడు, ఎండుడు చుట్టూ తిరుగుతయి. చలి సామెతలు ఎక్కువగా మనిషి వణుకుడు, చెట్టు వణుకుడు, చలి ఎప్పుడు పోతది అనే దాని చుట్టూ ఉంటయి. చలికి పంట పోయిందనే సామెత మన దిక్కు నేను పెద్దగా వినలేదు. నాకు సమజైన కాడికి, దాని కారణం ఆనాటి పొలాలల్ల ఉన్నది. దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు మనుషుల సంగతి.

గొంగడి, నెగడు

ఆ రోజుల్ల చలికి మందు గొంగడి. మన కురుమలు నల్ల గొర్ల ఉన్ని కత్తిరించి, వడికి, గుంట మగ్గం మీద నేసిన గొంగడి. ఆ గొర్లు దక్కని జాతివి. మన పీఠభూమి ఎండకు, చలికి, రాళ్ల నేలకు అలవాటు పడ్డ జాతి. పోగు గట్టిగ ఉండాలని చింతగింజల గంజి పట్టించేటోళ్లు. కొత్త గొంగడి ఒంటికి గుచ్చుకుంటది గానీ, వెచ్చదనం అటు ఇటు పోనియ్యదు. చిన్న వానకు లోపలికి నీళ్లు దిగయి. కప్పుకున్నా అదే, పరుచుకున్నా అదే. రాత్రి కందిచేను కావలికి, జొన్నచేను కావలికి పోయేటోళ్లకు గొంగడే ఇల్లు.

తర్వాత మిల్లు చెద్దర్లు చవుకగ వచ్చినయి. దాంతోపాటు గొర్ల జాతి కూడా మారింది. మాంసానికి రేటు పెరిగింది, ఉన్నికి కొనేటోడు తగ్గిండు. బరువు తొందరగ పెరిగే, ఉన్ని లేని నెల్లూరు రకం గొర్లు మందల్లకు వచ్చినయి. ఉన్ని తగ్గితే వడికేటోళ్లు తగ్గిండ్రు, వడికేటోళ్లు తగ్గితే మగ్గం ఆగింది. ఇప్పుడు చానా ఇండ్లల్ల గొంగడి కనపడేది పెద్దమనిషి భుజం మీదనో, కొమురవెల్లి మల్లన్న కాడనో. మల్లన్న జాతర కూడా చలిలనే మొదలైతది. మార్గశిరం ఆఖరి ఆదివారం కల్యాణం, సంక్రాంతి దాటినంక వచ్చే మొదటి ఆదివారం పట్నం వారం. గొల్ల కురుమల దేవుని పండుగ ఇంత ఇగంల పడ్డప్పుడు గొంగడి ఎంత అవసరమో ఆలోచించండి.

ఇగ రెండోది నెగడు. కంది కట్టె, పత్తి కట్టె, ఎండిన పిడక, ఏది దొరికితే అది ఏసి వాకిట్ల మంట పెట్టుకుంటరు. ఇయ్యాల మనం ఫోన్ల చేసే ముచ్చట అప్పుడు ఆ మంట చుట్టు నడిచేది. ఎవరి బాయిల నీళ్లు ఎంత దిగినయి, ఎవరి బర్రె ఈనింది, ఎవరి కుసుమకు పేను పట్టింది అన్నీ అక్కడ్నే తెలిసేది. చలి ఎంత అని అడిగితే డిగ్రీ చెప్పకపోదురు. "గొంగడి ఆగుతలేదు" అంటే ఒక లెక్క. "పశువులు లేస్తలేవు" అంటే ఇంకో లెక్క. "పెరుగు తోడుకుంటలేదు" అంటే మరో లెక్క. పాలు తోడుకోవాలంటే వెచ్చదనం కావాలె గదా, అందుకని ఆడోళ్లు పాలగిన్నెను బియ్యం సంచిలనో పొయ్యి కాడనో పెట్టేటోళ్లు. వంటింట్లనే ఒక థర్మామీటర్ ఉన్నట్టు.

అప్పటి పొలాలకు చలి అంటే భయం ఎందుకు లేదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ కాలంల మన చల్క భూములల్ల వానకాలం జొన్న, మక్క, కంది, ఆముదం. నల్లరేగడి ఉన్న కాడ యాసంగి జొన్న, శనగ, కుసుమ. వీటిని ఒక్కొక్కటే చలి పక్కన పెట్టి చూడండి. శనగకు చలి కావాలె. చలి మంచిగ పడితేనే కొమ్మ సాగుతది, పూత నిలుస్తది. యాసంగి జొన్న భూమిల మిగిలిన తడి మీద బతికే పంట. చల్లటి రోజులల్ల ఆ తడి ఎక్కువ రోజులు ఆగుతది. కుసుమకు కూడా పొడి చలి పడతది. మామిడి పూత రావాలన్నా చల్లటి రాత్రులు ఉండాలె. కంది అప్పటికి కాయ పట్టి ఉంటది. అంటే చలి మనిషిని వణికించినా, పొలంల ఉన్న పంటకు చుట్టమే.

వరి లేదా అంటే ఉన్నది. నిజాం కాలపు రెవెన్యూ లెక్కలల్ల వరికి రెండు పేర్లు: వానకాలం పంట ఆబి, యాసంగి పంట తాబి. తాబి చెరువు నిండిన ఏడు, చెరువు కింద, పెద్ద బాయి కింద పడే పంట. మోట కొట్టి పారించే నీళ్లకు ఎంత మడి తడుస్తది? అందుకే తాబి పెట్టేటోళ్లు కొద్దిమందే, వాళ్లు కూడా పెట్టేది కొద్దిగనే. ఆ కొద్ది నారుమడిని చలి నుంచి కాపాడుకునే ఉపాయాలు వాళ్లకు తెలుసు.

ఆ అవసరం తర్వాత శాస్త్రవేత్తలకు కూడా సమజైంది. రాజేంద్రనగర్‌ల తయారు చేసిన తెల్లహంస రకం మీలో చానమందికి యాది ఉంటది. తెలంగాణ యాసంగిల అది అంతగనం పాకడానికి ఒక ముఖ్య కారణం చలిని తట్టుకునుడు. నారు దశల చలికి ఎర్రబడకుండ నిలబడేది. తెల్లహంస తినుడు మంచిదా, 1010 రకం దిగుబడి మంచిదా అని మనం కొట్లాడుకుంటం గానీ, ఆ వడ్ల పుట్టుకల మన చలి కూడా ఉన్నదని ఎవరూ చెప్పరు.

గొట్టంలకు దిగిన చలి

చలికి అంకె ఎట్లొచ్చిందో ఇప్పుడు చూద్దాం. యూరప్‌ల ఫారెన్‌హీట్ అనే ఆయన 1724ల తన కొలత పెట్టిండు. సెల్సియస్ అనే ఆయన 1742ల ఇంకో కొలత పెట్టిండు. ఇయ్యాల మనం చెప్పుకునే డిగ్రీలు ఈ సెల్సియస్‌వే. మన దేశంల మద్రాసు అబ్జర్వేటరీ కాడ 1796 నుంచే వాతావరణం రాసుకునుడు మొదలైంది. దేశం మొత్తానికి భారత వాతావరణ శాఖ 1875ల ఏర్పడింది. అప్పటికే దేశంల కరువులు, తుఫాన్లు చూసి ఉన్న సర్కారుకు వాన లెక్క ముఖ్యం. చలి లెక్క దాని ఎంబడి వచ్చింది.

రాత్రి అందరం పండుకున్నంక అన్నిటికంటే తక్కువ వేడి ఎంతుండెనో పొద్దున ఎట్ల తెలుస్తది? దానికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. కనిష్ఠ థర్మామీటర్ల పాదరసం బదులు స్పిరిట్ ఉంటది. దాని లోపట చిన్న సూచిక పుల్ల ఉంటది. చలికి స్పిరిట్ ముడుచుకుంట వెనక్కి పోతే ఆ పుల్లను కూడా లాక్కపోతది. తెల్లారినంక వెచ్చబడి స్పిరిట్ ముందుకు వస్తది గానీ పుల్ల అక్కడ్నే ఆగిపోతది. పొద్దున 8:30కు వచ్చి ఆ పుల్ల ఎక్కడ ఆగిందో చూసి రాసుకుంటరు. పేపర్ల వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత అదే.

ఆ థర్మామీటర్‌ను ఎండల, వానల ఉత్తగ పెట్టరు. గాలి ఆడే పలకల గోడలు ఉన్న తెల్ల చెక్క పెట్టెల, నేల నుంచి దాదాపు 4 అడుగుల ఎత్తుల పెడతరు. ఈ పెట్టెను 1864ల స్టీవెన్‌సన్ అనే ఇంజినీర్ తయారు చేసిండు. ఈ 4 అడుగుల ముచ్చట మర్చిపోకండి, మన నారుమడి లెక్కకు మళ్లా అవసరం పడతది.

1945ల వాతావరణ శాఖ రేడియోల రైతుల కోసం వాతావరణ బులెటిన్ మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడే హైదరాబాద్‌ల పెద్ద చలి. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. పాత ఫారెన్‌హీట్ లెక్కల అది 43. హైదరాబాద్ నగరానికి ఇప్పటికీ అదే రికార్డు. ఆ ఏడు అంటే ఏ కాలమో గుర్తుకు రావాలంటే, అదే 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య అమరుడైండు. అప్పటి రైతుకు చలి ఒక్కటే బాధ కాదు. దొర గడి ముందట చలిల వెట్టికి నిలబడ్డోళ్ల కాలం అది.

ఇప్పుడు ఆ తారీఖును మన కార్తెల పట్టీ పక్కన పెట్టండి. జనవరి 8 అంటే పూర్వాషాఢ కార్తె. ఇగం బాగా పెట్టేది మూల నుంచి ఉత్తరాషాఢ దాకా అని పెద్దలు చెప్పిన దాని నడుమల పడ్డది. గొట్టం చెప్పింది, కార్తె చెప్పింది ఒక్కటే. ఇందులో మాయ ఏమీ లేదు. డిసెంబర్ 21, 22కు పగలు అన్నిటికంటే చిన్నగ ఉంటది. మన దగ్గర రాత్రి దాదాపు 13 గంటలు. భూమి పగలు తీసుకునే వేడి కంటే రాత్రి వదిలే వేడి ఎక్కువ. పగలు పెరుగుడు మొదలైనా ఆ లోటు పూడడానికి ఇంకా కొన్ని రోజులు పడతది. అందుకే డిసెంబర్ ఆఖరు, జనవరి మొదట్ల చలి ముదురుతది. కార్తె ఎప్పుడు అనేది చెప్తది, డిగ్రీ ఎంత అనేది చెప్తది.

మన మండలానికి అంకె వచ్చుడు

ఆ తర్వాత చానా ఏండ్లు రేడియోల, పేపర్ల మనకు వినపడ్డది ఆదిలాబాద్, నిజామాబాద్, రామగుండం, హన్మకొండ, మెదక్, హైదరాబాద్ పేర్లు. వాతావరణ శాఖ పెద్ద కేంద్రాలు అక్కడ ఉన్నయి. ఆదిలాబాద్‌ల ఇంత అని చదివి, మనం ఆడికంటే కొంచెం నయం అనుకునుడే. మన చిన్నకోడూరు పొలాల మీద చలి ఎంత అనేది ఎవ్వరి దగ్గర లెక్క లేదు.

ఇది మార్చింది మండలాలల్ల పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంస్థ చేతుల ఇప్పుడు ఇసొంటివి వెయ్యికి పైగా ఉన్నయి. మనిషి పోయి చూసే పని లేదు. వేడి, చలి, వాన, గాలి, తేమ అన్నీ అదే కొలిచి పంపిస్తది. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయినంక పట్టీల మన జిల్లా పేరు వేరుగ వచ్చుడు మొదలైంది. కోహిర్ అనే ఊరు ఎక్కడున్నదో తెల్వనోళ్లకు కూడా ఇప్పుడు దాని పేరు తెలుసు. ఎందుకంటే చలి పట్టీల అది ఎప్పుడూ ముందట్నే ఉంటది.

ఈ అంకెలకు పానం పోసింది మాత్రం వాతావరణం అంటే ఇష్టం ఉన్న పిలగాండ్లు. ఉద్యోగం ఒకటి చేసుకుంట, తీరిక టైంల ఈ లెక్కలు చూసి, మనకు సమజయ్యే తెలుగుల రాసేటోళ్లు. తెలంగాణ వెదర్‌మ్యాన్ పేరుతోని ఒకాయన రాసేది మీలో చానమంది చూస్తరు. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేరుతోని రాసే తిరుపతి యువకుడు సాయి ప్రణీత్ గురించి 2021 జులైల ప్రధానమంత్రి మన్ కీ బాత్‌ల చెప్పిండు. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. రైతుల కోసమని వాతావరణ లెక్కలు పట్టిండు. సర్కారు దిక్కు నుంచి కూడా 2008 నుంచి జిల్లాల వారీగ వ్యవసాయ వాతావరణ సలహాలు వస్తున్నయి. 2019ల మేఘదూత్ యాప్ వచ్చింది. అయినా సలహా పత్రం చదివేటోళ్ల కంటే, "రేపు పొద్దున ఇంకా రెండు డిగ్రీలు పడతది అన్నలు, గొంగడి దియ్యండి" అన్న మాట చదివేటోళ్లే ఎక్కువ. నెగడు కాడ ముచ్చట ఫోన్లకు ఎక్కింది, అంతే.

నీళ్లు వచ్చినంక చలికి విలువ పెరిగింది

ఇగ మన కథల పెద్ద మలుపు. మోట పోయి కరెంటు మోటర్ వచ్చింది. బాయి ఎండి బోరు వచ్చింది. బోరుతోని యాసంగి వరి కొంచెం కొంచెం పెరిగింది గానీ, బోరు ఎత్తిపోతే మడి సగంలనే ఎండేది. అట్లున్న కాలంల 2020 ఏప్రిల్ 24న మన మండలం చంద్లాపూర్ కాడ రంగనాయక సాగర్‌లకు గోదావరి నీళ్లు వచ్చినయి. 3 టీఎంసీల రిజర్వాయర్. మిడ్ మానేరు నుంచి అనంతగిరి, అక్కడి నుంచి ఇక్కడికి. కాల్వల నీళ్లు, చెరువుల నీళ్లు, పైకి వచ్చిన భూగర్భ నీళ్లు అన్నీ కలిసి మన యాసంగిని వరి చేసినయి. జొన్న, కుసుమ ఉన్న కాడ ఇప్పుడు నారుమడి.

నారుమడి ఎప్పుడు? డిసెంబర్‌ల. అంటే మూల, పూర్వాషాఢ కార్తెలల్ల. వరి ఎండ దేశపు పంట. చలి ఎక్కువైతే వడ్లు తొందరగ మొలకెత్తయి. మొలిచిన నారు ఎదగదు, ఆకులు పసుపు పచ్చగ అయి, తర్వాత ఎర్రబడతయి. చల్లటి నీళ్లల్ల వేరుకు జింక్ అందదు. 25, 30 రోజులల్ల నాటుకొచ్చే నారు 40 రోజులైనా జానెడే ఉంటది. తాత కాలంల చుట్టం అయిన చలి, మన కాలంల అప్పులోడు లెక్క మడికాడ కూసున్నది. చలి మారలేదు. దాని ముందట మనం పెట్టిన పంట మారింది.

నాటు ఆలస్యమైతే ఏమైతది అంటే, పంట ఏప్రిల్ ఆఖరుకు పోతది. అక్కడ ఎండ ఎక్కువై తాలు గింజ వస్తది, ఇంకో దిక్కు వడగళ్ల భయం. 2023 మార్చి, ఏప్రిల్‌ల వడగండ్లకు మన జిల్లాల కోతకొచ్చిన వరి ఎట్ల రాలిందో ఎవ్వరూ మర్చిపోలేదు. ఆ దెబ్బ తర్వాతనే యాసంగి నాట్లు ముందుకు జరపండి అని సర్కారు కూడా చెప్పింది. ముందుకు జరిపితే నవంబర్‌ల నారు పోసి చలి ముదరకముందే నారు ఎదుగుతది. కానీ వానకాలం కోత లేటైతే మడి ఖాళీ కాదు. ఇటు చలి, అటు రాళ్లవాన. ఈ రెండు గోడల నడుమ ఉన్న సందుల నుంచి యాసంగి వరి పోవాలె. ఆ సందు ఎంత ఎడల్పుందో చెప్పేది పొద్దుగాల వచ్చే ఆ అంకె. అందుకే అది కాలక్షేపం ముచ్చట కాదు అంటున్న.

అంకెను ఎట్ల చదవాలె

ఇక్కడ నాలుగు సంగతులు యాదిల పెట్టుకోండి.

ఒకటి, ఎత్తు. మండల కేంద్రంల కొలిచేది మనిషి నడుము దాటిన ఎత్తుల. మన నారు ఉండేది నేల మీద. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల మీద వేడి ఆ అంకె కంటే కొన్ని డిగ్రీలు తక్కువ ఉంటది. పట్టీల 12 అని ఉంటే నారు ఆకు మీద అంతకంటే చలి అని అర్థం చేసుకోవాలె.

రెండు, జాగ. చల్లటి గాలి బరువు. నీళ్ల లెక్క పల్లానికి దిగుతది. ఒర్రె పక్కన, కట్ట కింద, లోతట్టు మడిల చలి ఎక్కువ. మిట్ట మీద కొంచెం నయం. ఒకే ఊర్ల రెండు నారుమళ్లు రెండు తీర్ల ఉండడానికి విత్తనం ఒక్కటే కారణం కాదు.

మూడు, మబ్బు. మబ్బు అంటే భూమికి గొంగడి. భూమి వదిలే వేడిని పైకి పోనియ్యదు. బంగాళాఖాతంల అల్పపీడనం ఉండి మబ్బు పడితే రాత్రి వెచ్చగ అయితది. మబ్బు తేలిపోయి ఉత్తరపు పొడి గాలి మళ్లిన మొదటి రెండు మూడు రాత్రులు భద్రం. చలి పోయిందని ప్లాస్టిక్ తీసేసేటోళ్లకు దెబ్బ తగిలేది అప్పుడే. ఇంకోటి, రాత్రి చలి, పొద్దున మంచు, పగలు మబ్బు కొన్ని రోజులు నడిస్తే అగ్గితెగులుకు దారి అయితది. అప్పుడు ఆకు తిప్పి చూసుకోవాలె.

నాలుగు, చలిగాలులు అనే మాట. టీవీల ఆ మాట చెప్పడానికి వాతావరణ శాఖకు ఒక కొలత ఉన్నది. మైదాన ప్రాంతంల కనిష్ఠం 10 డిగ్రీలు గానీ అంతకు తక్కువ గానీ ఉండాలె, మామూలుగ ఉండేదానికంటే 4.5 డిగ్రీలు గానీ ఇంకా ఎక్కువ గానీ పడిపోవాలె. అది మనుషుల కోసం, పెద్ద ప్రాంతం కోసం పెట్టిన గీత. మన నారుకు ఆ గీత రాకముందే, 13, 14 కాడనే కష్టం మొదలైతది. అందుకని టీవీ హెచ్చరిక కోసం చూసుకుంట కూసోవద్దు.

చేతుల ఉన్న ఉపాయాలు

పాత తాబి రైతుల ఉపాయాలు, ఇయ్యాలటి వ్యవసాయ విశ్వవిద్యాలయం సలహాలు చాన వరకు కలుస్తయి. వడ్లు నానబెట్టి మండె కట్టినప్పుడు సంచుల మీద గడ్డి కప్పి, గోరువెచ్చని నీళ్లు చల్లి, వెచ్చని జాగల పెట్టాలె. వానకాలంల ఒక రోజుల మొలిచేది, ఇప్పుడు రెండు మూడు రోజులు పడతది, తొందరపడి అలకొద్దు. నారుమడిల సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున ఆ చల్లబడ్డ నీళ్లు తీసేసి కొత్తవి పెట్టాలె. బోరు నీళ్లు చలికాలంల వెచ్చగ ఉంటయి, కాల్వ నీళ్ల కంటే నారుకు అవే మేలు. కట్టెలు వంచి గూడు లెక్క చేసి రాత్రి ప్లాస్టిక్ కప్పి, పొద్దెక్కినంక తీయాలె. ఆకుకు ప్లాస్టిక్ తాకొద్దు. జింక్ లోపం కనపడితే లీటర్ నీళ్లకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టాలె. పసుపు పడ్డదని యూరియా గుప్పితే లాభం లేదు, చలిల వేరు తీసుకోదు.

చంద్లాపూర్ దిక్కు పట్టుపురుగులు పెంచేటోళ్లకు ఈ అంకె ఇంకా దగ్గరి చుట్టం. పురుగుకు 24 నుంచి 28 డిగ్రీలు ఉండాలె. బయట 12 ఉంటే షెడ్డుల ఆ తేడా నింపాలె. అయితే ఒక మాట. షెడ్డులనైనా ఇంట్లనైనా తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పెట్టొద్దు. ఆ పొగల వాసన లేని విషపు గాలి ఉంటది, నిద్రలనే పానం తీస్తది. ముసలోళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇండ్లల్ల ఇది మరీ జాగ్రత్త. లేగదూడల మీద గోనెసంచి కప్పండి, కింద గడ్డి పరవండి.

ఆఖరి మాట

నారు పోసే ప్రతి రైతు ఒక చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే మంచిదని నా సలహా. గరిష్ఠం, కనిష్ఠం రెండూ చూపెట్టేది దొరుకుతది. ఇసొంటిదాన్ని జేమ్స్ సిక్స్ అనే ఆయన 1780లల్లనే తయారు చేసిండు, ఇయ్యాల మనం వాడుకోవడానికి అడ్డమేమీ లేదు. దాన్ని నారుమడి గట్టు మీద, నారు ఎత్తుల, ఎండ తగలకుండ పెట్టండి. పొద్దున చూసి ఇంట్ల గోడ క్యాలెండర్ల ఆ తారీఖు గడిల రాయండి. క్యాలెండర్ మీద కార్తె ఎట్లాగూ అచ్చయి ఉంటది. కార్తె, మండలం అంకె, మీ మడి అంకె మూడూ ఒక్క కాయితం మీద ఉంటయి. రెండు మూడు యాసంగులు రాస్తే, మండలంల ఇంత ఉంటే మా మడిల ఇంత తక్కువ అని మీకే తెలుస్తది. నారు ఏ వారంల పోయాలె, ఏ రాత్రి కప్పాలె అనేది అప్పుడు ఇంకొకరిని అడిగే పని ఉండదు.

మీ ఇండ్లల్ల పెద్దోళ్లు ఉంటే వాళ్లు చూసిన పెద్ద చలి ఏ ఏడుదో, అప్పుడు పొలంల ఏ పంట ఉండెనో, తాబి నారు ఎట్ల కాపాడుకున్నరో అడిగి ఇక్కడ రాయండి. ఊరి పేరు, తెలిస్తే కార్తె పేరు కూడా రాయండి. ఈ యాసంగికి నారు పోసినోళ్లు మడిల చలి ఎంతున్నదో కూడా చెప్పండి. వచ్చే ఏడు నారు పోసేటప్పుడు అందరికి అక్కరకొస్తది.